నాన్న చెవి మిషన్ సాయంత్రానికే ఆగిపోతోంది: పడిపోతే కబురు పంపే ఫీచర్ ఆపేయాలా?

చీమకుర్తి అమ్మాయి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది చీమకుర్తి దగ్గర పల్లె. నేను ఒంగోలులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. నాన్నకు 71 ఏళ్లు. గెలాక్సీ గ్రానైట్ క్వారీల్లో 26 ఏళ్లు జాక్‌హ్యామర్ పట్టాడు. నల్లరాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటాయి చూడండి, ఆ రాయి. అప్పట్లో చెవుల్లో పెట్టుకోవడానికి దూది తప్ప ఏమీ లేదు. ఆ దూది కూడా దుమ్ము పోకుండా పెట్టుకున్నదే గాని శబ్దం కోసం కాదు. యాభై దాటేసరికి వెనక నుంచి పిలిస్తే పలకడం మానేశాడు. పరీక్ష చేయిస్తే సన్నటి శబ్దాలు బాగా పోయాయన్నారు. స, ష, త, చ అక్షరాలు ఆయనకు అందవు. "చేపలు తెచ్చా" అంటే మధ్యలో "ప, లు" వినపడతాయి, మిగతాది మన పెదాలు చూసి పూరించుకుంటాడు.

అమ్మ పోయి రెండేళ్లయింది. ఒంగోలు రమ్మంటే రాడు. రెండు గేదెలు, ఇంటి వెనక చావిడి, ఆయన లోకం అది. పోయినేడు మేం చీటీ పాడి మంచి మిషన్లు కొన్నాం. ఛార్జింగ్ రకం. వినిపించడమే కాకుండా అడుగులు లెక్కపెడుతుంది, నాడి చూస్తుంది, మనిషి పడిపోతే ఫోన్ ద్వారా నాకు మెసేజ్ పంపుతుంది. ఆ చివరి దాని కోసమే అంత డబ్బు పెట్టాం.

నెల కిందట, సాయంత్రం ఆరూ ముప్పావు అప్పుడు, చావిడిలో కాలు జారి పడ్డాడు. తుంటి ఎముకకు ఏమీ కాలేదు గాని లేవలేకపోయాడు. 40 నిమిషాలు ఆ పేడలోనే పడి ఉన్నాడు. పాలకు వచ్చిన పక్కింటి పిన్ని చూసి లేపింది. నాకు ఏ మెసేజ్ రాలేదు. రెండు మిషన్లూ ఐదింటికే ఆగిపోయాయట. ఆగిపోయినవాటినే చెవిలో పెట్టుకుని తిరుగుతున్నాడు. పిన్ని అరుస్తున్నా ఆయనకు వినపడలేదు.

అమ్మిన చోట అడిగితే, "హెల్త్ ఫీచర్లన్నీ ఆన్‌లో పెట్టుకుంటే అంతేనమ్మా, ఆపేసుకోండి" అన్నారు. కొనేటప్పుడు మాత్రం పొద్దున్నుంచి పడుకునేదాకా వస్తుందన్నారు.

నాకు అర్థం కాని సంగతి ఒకటుంది. శనివారం రాత్రి పిల్లల్ని తీసుకుని వెళ్తాను, ఆదివారం అక్కడే ఉంటాను. ఆదివారం మాత్రం ఛార్జింగ్ నిలుస్తుంది! మొన్న పుస్తకంలో రాసుకున్నా. పొద్దున ఆరింటికి 100, పదింటికి 82, మధ్యాహ్నం రెండింటికి 63, ఆరింటికి 44, రాత్రి తొమ్మిదింటికి 30. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదింటికి సున్నా. అవే మిషన్లు, అదే మనిషి.

నా ప్రశ్నలు: పడిపోతే తెలిపేది నిజంగా అంత కరెంటు తింటుందా? అది ఆపకుండా మిగతావి ఏవి ఆపితే ఛార్జింగ్ మిగులుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

స్టోన్‌హౌస్‌పేట పెద్దాయన

అమ్మా, నీ బాధ చదివి మనసు కలుక్కుమంది. నాకు ఈ కొత్త రకం మిషన్ల సంగతి తెలియదు. మా అమ్మ వాడిన దాని గురించి చెబుతాను, ఏదైనా పనికొస్తే తీసుకో.

2017లో వయోశ్రీ పథకం మా నెల్లూరులోనే మొదలుపెట్టారు. తెల్లకార్డు ఉన్న ముసలివాళ్లకు చేతికర్రలు, కళ్లద్దాలు, చెవి మిషన్లు ఇచ్చారు. అమ్మకు చెవి వెనక తగిలించుకునేది వచ్చింది. అందులో మందుబిళ్లంత బ్యాటరీ వేయాలి. దాని మీద రంగు స్టిక్కరు ఉంటుంది. నారింజ రంగుది 13 నంబరు, గోధుమ రంగుది 312, నీలం రంగుది 675. ఆ స్టిక్కరు పీకగానే చిన్న చిల్లుల్లోంచి గాలి లోపలికి పోయి బ్యాటరీ పని మొదలుపెడుతుంది. పీకిన తర్వాత వాడినా వాడకపోయినా అయిపోవడం మొదలవుతుంది, మళ్లీ స్టిక్కరు అంటించినా లాభం లేదు. పీకి ఐదు నిమిషాలు అలా గాలికి ఉంచి వేస్తే ఎక్కువ రోజులు వచ్చేది. మొదట్లో ఈ సంగతి తెలియక, తీరిక దొరికింది కదాని నాలుగింటికీ ఒకేసారి స్టిక్కర్లు పీకి డబ్బాలో పెట్టాను. అన్నీ పాడైపోయాయి.

మీ నాన్నగారిది ఛార్జింగ్ రకం అన్నావు కాబట్టి ఈ గొడవ లేదు. అయినా ఒకటి చూడు తల్లీ. మిషన్ కొసకు గులిమి పట్టి ఉందేమో. మా అమ్మకు అది పూడుకుపోయి వినపడక, సౌండు ఎప్పుడూ పైకి పెట్టుకునేది. సౌండు పెరిగితే బ్యాటరీ ఖర్చు పెరుగుతుంది కదా.

విడవలూరు కుర్రాడు, బోర్డుల పని

అక్కా, నేను చెన్నైలో సర్క్యూట్ బోర్డుల పని చేస్తాను. మనిషి ఒంటి మీద పెట్టుకునే చిన్న పరికరాల్లో బ్యాటరీ మిగల్చడమే నా రోజువారీ పని. మీ మోడల్ ఏదో తెలియదు కాబట్టి అన్నిటికీ వర్తించేవి చెబుతాను.

ముందు మీరు అడిగినదానికి జవాబు: పడిపోతే తెలిపేది ఆపొద్దు. మీ కరెంటును తినేది అది కాదు.

ఎందుకో చెబుతాను. మాకు విడవలూరు దగ్గర రొయ్యల చెరువులున్నాయి. నీళ్లలోకి గాలి కలిపే మోటార్లు, ఏరేటర్లంటాం, వాటిని ఇరవై నాలుగ్గంటలూ ఒకే లెక్కన తిప్పితే కరెంటు బిల్లు కట్టలేం. నీళ్లలో ఆక్సిజన్ తెల్లారుజామున బాగా పడిపోతుంది. అందుకని పగలు కొన్ని ఆపి, రాత్రి అన్నీ వేస్తాం. మధ్యలో కాపలా మనిషి మీటరు ముంచి చూస్తూ ఉంటాడు. మీటరు చూడటానికి ఖర్చేమీ లేదు, ఖర్చంతా మోటార్లు తిరిగితేనే. చెవి మిషన్లో హెల్త్ ఫీచర్లు కూడా ఇదే లెక్క మీద నడవాలి.

పడటాన్ని పట్టేది కదలికల సెన్సారు. అది ఆ కాపలా మనిషి లాంటిది. కొన్ని మైక్రో యాంపియర్లతో రోజంతా మేలుకుని ఉంటుంది. మామూలు చెవి మిషన్ వినిపించడానికే ఒకటి రెండు మిల్లీ యాంపియర్లు లాగుతుంది. మిల్లీలో వెయ్యో వంతు మైక్రో. అంటే కాపలా మనిషి కూలి మొత్తం ఖర్చులో లెక్కలోకే రాదు. మనిషి ఒక్కసారిగా కిందికి జారడం, వెంటనే గట్టిగా తగలడం, ఆ తర్వాత కదలిక లేకపోవడం, ఈ మూడూ వరసగా కనబడితేనే అది మిగతావాటిని లేపుతుంది. అడుగులు లెక్కపెట్టేదీ అదే సెన్సారు. కాబట్టి అడుగుల లెక్క ఆపినా మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. తల, ఒళ్లు ఎటు తిరిగాయో కొలిచే గైరో అనే ఇంకో సెన్సారు మాత్రం ఖరీదైనది, వందల మైక్రో యాంపియర్లు తాగుతుంది. సరిగ్గా చేసిన మిషన్లో అది ఎప్పుడూ వెలిగి ఉండదు, కాపలా మనిషి పిలిచినప్పుడే లేస్తుంది.

నాడి చూసేది వేరే సంగతి. అది చర్మంలోకి వెలుగు పంపి, రక్తం ఒక్కో దెబ్బకు ఎంత వెలుగును మింగుతోందో చూస్తుంది. చెవి దానికి మంచి చోటు. చేతిలా అస్తమానం ఊగదు, రక్తనాళాలు పైపైనే ఉంటాయి. కాని దీపం దీపమే. ఎంత సన్నగా, ఎంత తక్కువసేపు వెలిగించినా సగటున కదలికల సెన్సారు కంటే ఎన్నో రెట్లు తాగుతుంది. యాప్‌లో 'ఎప్పుడూ' అని ఉంటే 'అడిగినప్పుడు' అనో, 'విరామాలతో' అనో మార్చండి. ఆయనకు గుండె జబ్బు లేకపోతే రోజుకు నాలుగైదుసార్లు చూస్తే చాలు. గుండె డాక్టరు చూడమని చెప్పి ఉంటే మాత్రం ఆయన్ని అడక్కుండా మార్చొద్దు.

అన్నిటికంటే పెద్ద తిండిపోతు ఫోన్. ఫోన్లో వీడియో, పాట, కాల్, ఏదైనా సరే నేరుగా చెవిలోకి పంపుతుంటే మిషన్ లోపలి రేడియో ఫోనుతో ఆగకుండా మాట్లాడుతూనే ఉండాలి. అప్పుడు ఖర్చు రెట్టింపు కావడం మామూలే, పాత బ్లూటూత్ అయితే ఇంకా పైకి కూడా పోతుంది. 2020లో ప్రకటించిన ఎల్ఈ ఆడియో అనే కొత్త పద్ధతిలో అదే స్పష్టతకు దాదాపు సగం డేటాతోనే సరిపెడతారు, అందుకే కొత్త మోడళ్లలో ఈ బాధ తక్కువ. మీ నాన్నగారు మధ్యాహ్నాలు ఫోన్ చూస్తారా? అది కనుక్కోండి.

సెన్సార్ల లెక్కల్ని ఎప్పటికప్పుడు ఫోనుకు పంపడం కూడా దండగే. అడుగులు, నాడి లాంటివి మిషన్లోనే దాచుకుని గంటకోసారి మూటగట్టి పంపాలి. పడిపోయిన కబురు మాత్రం ఆగకూడదు. బాగా చేసిన మిషన్లో బ్యాటరీ తగ్గేకొద్దీ ముందు వీడియో శబ్దం ఆగాలి, తర్వాత నాడి, ఆ తర్వాత అడుగుల కబుర్లు. వినికిడీ, పడిపోయిన కబురూ చివరిదాకా ఉండాలి. ఈ వరస తప్పిన పరికరాలు చూసినప్పుడల్లా నాకు బాధనిపిస్తుంది. చెవి మిషన్ అన్నాక మొదటి పని వినిపించడం కదా.

ఇవేమీ మరీ పాత సంగతులు కావు. కదలికల సెన్సార్లున్న స్టార్కీ వాళ్ల లివియో ఏఐ మిషన్ 2018లో వచ్చింది, పడటాన్ని పట్టే ఫీచర్ దానికి ఆ తర్వాత చేరింది. నాడి చూసే ఫోనాక్ ఆడేయో ఫిట్ 2021లో వచ్చింది. అందుకే చాలా షాపుల్లో ఏది ఎంత తింటుందో తెలియక "అన్నీ ఆపేయండి" అంటారు.

మీ ఆదివారం లెక్క చూశాను. గంటకు ఐదు శాతం కంటే కొంచెం తక్కువ. ఇది మంచి బ్యాటరీ అక్కా, ముసలిది కాదు. తప్పు సెన్సార్లది అయితే ఆదివారం కూడా కనబడాలి. సోమవారానికి, ఆదివారానికి మధ్య ఇంట్లో ఏం మారుతోందో వెతకండి.

చీమకుర్తి అమ్మాయి

తమ్ముడూ, చాలా థాంక్స్. కాపలా మనిషి లెక్క బాగా అర్థమైంది, రేపు క్లాసులో మైక్రో, మిల్లీ చెప్పేటప్పుడు ఇదే చెబుతాను.

నాడి సెట్టింగ్ చూశాను, 'ఎప్పుడూ' అనే ఉంది. ఆయనకు బీపీ మాత్రమే, గుండె జబ్బు లేదు. డాక్టరు గారిని కూడా అడిగి విరామాలకు మార్చాను.

ఫోన్ సంగతి మీరు చెప్పింది నిజమే. మధ్యాహ్నం అన్నం తిన్నాక రెండు గంటలు అరుగు మీద కూర్చుని బుర్రకథలు పెట్టుకుంటాడట. శబ్దం నేరుగా చెవిలోకి వస్తుంది. ఆదివారాల్లో పిల్లలు మీద పడి ఆడుతుంటారు కాబట్టి ఫోన్ ముట్టుకోడు. కాని రెండు గంటల బుర్రకథకే అంత తేడా వస్తుందా? లెక్క వేశాను. మీరన్నట్టు ఖర్చు రెట్టింపయినా అదనంగా పోయేది 10 శాతం లోపే. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి 30 మిగులుతుంటే మామూలు రోజు ఐదింటికి సున్నా ఎట్టా అవుతుంది? ఇంకా 40 శాతం దాకా ఎక్కడో కారిపోతోంది.

పెద్దాయన గారూ, కొసకు గులిమి నిజంగానే ఉంది. గులిమి లోపలికి పోకుండా అక్కడ ఉండే చిన్న జల్లెడ మార్చాను. "ఇప్పుడు నీ గొంతు దగ్గరగా ఉందే" అన్నాడు.

వినికిడి పరీక్షలు చేసే ఆమె, ఒంగోలు

నేను 14 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. చీమకుర్తి, మర్రిచెట్లపాలెం వైపు నుంచి మీ నాన్నగారిలాంటి వాళ్లు చాలామంది వస్తారు. ఆడియోగ్రామ్, అంటే ఏ శబ్దం ఎంత వినపడుతోందో చూపే పటం, గీస్తే 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నటి శబ్దాల దగ్గర, గీత గోతిలోకి దిగినట్టు పడిపోతుంది. ఆ గీత చూడగానే క్వారీనా అని అడుగుతాను. రోజుకు 8 గంటలు 85 డెసిబెల్స్ దాటితే చెవికి ప్రమాదం మొదలవుతుంది. జాక్‌హ్యామర్ వంద పైనే ఉంటుంది. ఇప్పుడు చాలాచోట్ల వైరు రంపాలు వచ్చాయి, అయినా చెవులకు రక్షణ లేకుండా పనిచేసేవాళ్లు కనబడుతూనే ఉన్నారు. మీ ఊరి కుర్రాళ్లకు దయచేసి చెప్పండి, దూది అడ్డం కాదు.

ఇక మీ విషయం. బోర్డుల పని చేసే అబ్బాయి చెప్పిందంతా సరైనదే. నేను మనిషి వైపు నుంచి కొన్ని చెబుతాను.

పడిపోయిన కబురు మిషన్లోంచి నేరుగా మీకు రాదు. మిషన్ నుంచి ఫోనుకు, ఫోన్ నుంచి మీకు. మీ నాన్నగారు చావిడిలో ఉన్నప్పుడు ఫోన్ ఎక్కడుంది? అరుగు మీద ఉంటే, మధ్యలో రెండు గోడలుంటే, మిషన్లో నూరు శాతం ఛార్జింగ్ ఉన్నా మెసేజ్ రాకపోవచ్చు. ఫోన్ ఒంటి మీదే ఉండాలి. అలాగే ఫోన్లో బ్యాటరీ ఆదా చేసే సెట్టింగ్ ఉంటుంది, తెర ఆరిపోగానే వాడని యాప్‌లను నిద్రపుచ్చుతుంది. ఈ యాప్‌ను దాని జాబితాలోంచి తీసేయండి. ఫోన్ ఛార్జింగ్ మిగల్చబోయి మనిషిని వదిలేసినట్టవుతుంది.

స్నానానికి వెళ్లేటప్పుడు మిషన్లు తీసేయాల్సిందే. ముసలివాళ్లు తరచుగా జారిపడే చోట్లలో స్నానాల గది ఒకటి. అక్కడ ఏ ఫీచరూ కాపాడదు. గోడకు స్టీలు కడ్డీ వేయించండి, గచ్చు మీద గరుకు పట్టా వేయండి. అది మిషన్ ఖర్చులో పిసరంత కూడా కాదు.

బ్యాటరీకి పెద్ద శత్రువు వేడి. మన దగ్గర రోహిణి కార్తెలో కిటికీ పక్కన పెట్టిన ఛార్జరు పెట్టె ముట్టుకుంటే కాలుతుంది. ఎండ తగలని చోట పెట్టండి. చెమట తుడిచి, ఆరాక పెట్టండి.

మీ 40 శాతం ఎక్కడ కారిపోతోందో నాకొక అనుమానం ఉంది గాని, చూడకుండా చెప్పను. మీరు లేని రాత్రి ఛార్జరు దగ్గర ఏం జరుగుతోందో ఎవరూ చూడలేదు కదా. ఒక మామూలు రోజు, ముందుగా చెప్పకుండా వెళ్లండి. ఆయనకు ఏమీ నేర్పకండి, ఏమీ సర్దకండి. రోజూ చేసినట్టే చేయనిచ్చి చూడండి.

చీమకుర్తి అమ్మాయి

మేడమ్, దొరికింది.

బుధవారం స్కూలు అవగానే బస్సెక్కాను. పిల్లల్ని వాళ్ల నాన్న దగ్గర వదిలిపెట్టాను. నన్ను చూసి నాన్న కంగారు పడ్డాడు, ఎవరికైనా బాగాలేదా అని. ఊరికే నిన్ను చూడాలనిపించి వచ్చా అన్నాను. అప్పటికే మిషన్లు ఆగిపోయి ఉన్నాయి కాబట్టి చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాల్సి వచ్చింది.

ఏడున్నరకు అన్నం తిన్నాడు. మిషన్లు తీసి, భుజం మీది తువ్వాలుతో ఒక్కోదాన్ని మెల్లగా తుడిచి ఛార్జరు పెట్టెలో పెట్టాడు. అమ్మ ముక్కుపుడక తుడిచినంత జాగ్రత్తగా తుడిచాడు. రెండు చిన్న లైట్లూ వెలిగాయి. ఛార్జరు హాల్లో టీవీ పక్క బోర్డుకే ఉంది, ఎండ తగలదు. అంతా బాగానే ఉంది కదా అనుకున్నా.

తొమ్మిదీ యాభైకి లేచాడు. వంటింట్లో స్విచ్ ఆపాడు. వసారాలో లైటు ఆపాడు. టీవీ స్విచ్ ఆపాడు. దాని పక్కనున్న ఛార్జరు స్విచ్ కూడా ఆపాడు. పోయి మంచం మీద పడుకున్నాడు.

ఛార్జరు లైట్లు ఆరిపోయాయి. నేను కదలకుండా కూర్చున్నా. ఒక్క క్షణం ఆగి, పెట్టెలో మిషన్ల మీదున్న చుక్కంత లైట్లు మినుకుమన్నాయి. తర్వాత సన్నగా ఒక ఈల. కీచుమని, దోమ చెవి దగ్గర తిరిగినట్టు. దగ్గరకు వెళ్లి పెట్టెకు చెవి ఆనించా. మిషన్లు రెండూ ఆన్ అయిపోయి, ఆ మూసిన పెట్టెలో ఒకదాని శబ్దం ఒకటి విని ఈల వేస్తున్నాయి. ఇన్ని నెలలుగా ప్రతి రాత్రీ ఇట్టాగే అరుస్తున్నాయన్నమాట. నాన్నకు వినపడే దారే లేదు. ఆయన చెవులు ఆ పెట్టెలోనే ఉన్నాయి.

అక్కడే చాలాసేపు కూర్చుండిపోయాను.

ఫోన్ తెచ్చి యాప్ తెరిచి చూశా. 92 శాతం. తెల్లారి ఐదున్నరకు చూస్తే 62. మేడమ్, మీ అనుమానం ఇదేనా? మిషన్లతో వచ్చిన కాగితం తీసి చూస్తే, మిషన్లు లోపలుండగా ఛార్జరుకు కరెంటు ఆపొద్దని చిన్న అక్షరాల్లో రాసి ఉంది. ఈ రకంలో కరెంటు పోతే, పెట్టెలోంచి తీశామనుకుని వాటంతట అవే ఆన్ అవుతాయట. అమ్మినచోట ఒక్క మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

శనివారాలు ఎందుకు ఆపడంటే, అదే బోర్డుకు పిల్లల కోసం దోమల మిషన్ పెడతాం. మనవడిని దోమలు కుడతాయని ఆ ఒక్క రాత్రి ఆ బోర్డు జోలికి పోడు. మిగతా రోజుల్లో, "నిండిపోయినాక కూడా ఎందుకమ్మాయ్, మీటరు తిరుగుతా ఉంటది" అన్నాడు. ఆయన మాట తప్పు అని నేను అనలేదు. కూలి డబ్బుల్లో కరెంటు బిల్లు కట్టి మమ్మల్ని చదివించిన మనిషి. లైట్లు ఆపకుండా పడుకున్న రోజు నాకు గుర్తులేదు.

కూర్చోబెట్టి మిషన్లు పెట్టి చెప్పాను: నాన్నా, నువ్వు స్విచ్ ఆపితే ఇవి రాత్రంతా మేలుకుని ఉంటున్నాయి, ఈల వేస్తున్నాయి. నమ్మలేదు. ఒకటి ఆయన చెవిలో ఉంచి, రెండోదాన్ని పెట్టెలో పెట్టి స్విచ్ ఆపాను. పెట్టెను చెవి దగ్గర పెట్టాను. ఈల సన్నటిది కదా, వినపడలేదు. లైటు మాత్రం చూశాడు. చాలాసేపు ఆ లైటు వైపే చూసి, "పాపం, ఇవి కూడా నిద్రపోవట్లేదా" అన్నాడు.

ఇప్పుడు ఛార్జరును ఫ్రిజ్ బోర్డుకు మార్చాం. ఫ్రిజ్ స్విచ్ ఆయన ఎప్పుడూ ఆపడు, పాలు విరిగిపోతాయని. ఫ్రిజ్ మీద వేడి కాబట్టి పక్కన గోడ గూట్లో పెట్టాం. స్విచ్ మీద ప్లాస్టరు అంటించి 'పాలు, చెవులు' అని రాశాను. రాత్రి కరెంటు పోతే ఇదే గొడవ వస్తుంది కాబట్టి, వచ్చే నెల జీతంలో చిన్న ఇన్వర్టరు కొంటాం. అప్పటిదాకా, కరెంటు పోయిన రాత్రి మెలకువ వస్తే మిషన్లు పెట్టెలోంచి తీసి బటన్ నొక్కి ఆపేయడం నేర్పాను.

బుర్రకథలు మానమని చెప్పలేదు. ఆ రెండు గంటలే ఆయనకు అమ్మ లేని మధ్యాహ్నం గడిచేది. అది అయిపోయాక కునుకు తీసేటప్పుడు అరగంట ఛార్జింగ్ పెట్టమన్నాను, సరేనన్నాడు.

ఫోన్ సంగతి మీరు చెప్పినట్టే అయింది. చావిడికి వెళ్లేటప్పుడు ఫోన్ అరుగు మీదే వదిలేస్తాడు. లుంగీ, కట్ బనియను, జేబు ఎక్కడుంది పెట్టుకోవడానికి? నాలుగు బనియన్లకు ఎడమవైపు జేబులు కుట్టాను. పైన గుండీ కూడా పెట్టాను, గడ్డి కోసం వంగినప్పుడు జారకుండా. యాప్‌ను నిద్రపోయే జాబితాలోంచి తీసేశాను. స్నానాల గదికి కడ్డీ వేయడానికి ఆదివారం మేస్త్రీ వస్తున్నాడు.

నిన్న సాయంత్రం ఆరూ ముప్పావుకు కావాలనే ఫోన్ చేశా. రెండో రింగుకే ఎత్తాడు.

"ఎక్కడున్నావు నాన్నా?"

"గొడ్ల దగ్గరమ్మా, గడ్డేస్తన్నా."

"ఫోన్లో అంకె చదువు."

జేబులోంచి తీస్తున్న చప్పుడు. వెనక గేదె గడ్డి నములుతున్న శబ్దం.

"నలభై ఆరు," అన్నాడు.